తుంటి ఎక్స్‌రేలో కోణం 63 వస్తే ఆపరేషనేనా?

కావలి కబడ్డీ:
తమ్ముడికి 22 ఏళ్లు. బాసింపట్టు వేసుకుని కూర్చుంటే గజ్జల్లో పట్టేస్తోంది. ఎక్స్‌రేలో ఆల్ఫా కోణం 63 వచ్చింది, తుంటి ఇంపింజ్‌మెంట్ (తొడ ఎముక తుంటి గిన్నె అంచుకు ఒరుసుకోవడం), ఆపరేషన్ చేయాలన్నారు. అంకె చూసి ఒప్పుకోవచ్చా?

ఒంగోలు రేడియోగ్రాఫర్:
అంకెను తీసిపారేయొద్దు తమ్ముడూ. తొడ ఎముక తల చుట్టూ వృత్తం గీస్తాం. దాని కేంద్రం నుంచి ఎముక మెడ మధ్యగా ఒక గీత, తల ఆ వృత్తం దాటి ఉబ్బిన చోటికి ఇంకో గీత. రెంటి మధ్య కోణం అది. 2002లో నోట్స్‌లీ బృందం ఎమ్మారైలో కొలిస్తే ఇంపింజ్‌మెంట్ ఉన్నవాళ్లకు సగటున 74, లేనివాళ్లకు 42 వచ్చింది.

పొదలకూరు అక్క:
నాకు 48. నార్మలే అని రెండేళ్లు తిప్పి పంపారు. బస్సు మెట్టు ఎక్కాలంటే రెండు చేతులతో కాలు ఎత్తి పెట్టుకునేదాన్ని.

ఒంగోలు రేడియోగ్రాఫర్:
కాలు ఎటు తిప్పి తీశారక్కా? ఉబ్బు ముందువైపు ఉంటే నేరుగా తీసిన ఫిల్ములో కనపడకపోవచ్చు. డన్ వ్యూ, అంటే తొడ మడిచి పక్కకు పెట్టి తీసే ఫిల్ము, తీశారా?

పొదలకూరు అక్క:
నేను నొప్పి గురించి చెప్తుంటే మీరు వ్యూ గురించి అడుగుతున్నారు.

దర్శి రైతుబిడ్డ:
హద్దు 55 అని ఒకరు, 60 అని ఇంకొకరు. ఏది నిజం?

ఒంగోలు రేడియోగ్రాఫర్:
రెండూ వాడుకలో ఉన్నాయి. అందుకే వ్యూ అడిగాను. కాలు తిరిగితే అంకె మారుతుంది.

పొదలకూరు అక్క:
అంత మారే అంకెను పట్టుకుని నన్ను అబద్ధాలకోరును చేశారు! చెప్తే చాలదా, ఫిల్ము సాక్ష్యం చెప్పాలా?

ఒంగోలు రేడియోగ్రాఫర్:
చాలదక్కా. మా బావ తుంటి నొప్పి అని ఏడాది మందులు మింగాడు. చివరికి నడుములో డిస్కు. మాట ఒక్కటే నమ్మితే కత్తి తప్పుచోట పడుతుంది. నా భయం అదీ.

నెల్లూరు ఫిజియో:
2016లో నిపుణులు కుదుర్చుకున్న వార్విక్ ఒప్పందం ప్రకారం ఇంపింజ్‌మెంట్ అని తేల్చాలంటే నొప్పి, పరీక్షలో దొరికే గుర్తులు, ఇమేజింగ్ మూడూ కలవాలి. నొప్పి లేని ఆటగాళ్లలోనూ ఈ ఉబ్బు కనపడుతుంది. కావలి బ్రదర్, తమ్ముణ్ణి పడుకోబెట్టి, మోకాలు పైకి మడిచి, తొడను లోపలికి తెచ్చి తిప్పి చూశారా?

కావలి కబడ్డీ:
లేదన్నా. ఫిల్ము లైటుకు పెట్టి చూశారు. వాణ్ణి కుర్చీలోంచి లేపనే లేదు.

నెల్లూరు ఫిజియో:
అయితే ముందు ఆ పరీక్ష చేయించండి. అందులో నొప్పి వచ్చినంత మాత్రాన ఖాయం కాదు గానీ, అసలు రాకపోతే మళ్లీ ఆలోచించాలి. 2018 బ్రిటన్ ట్రయల్‌లో ఫిజియోథెరపీతోనూ మెరుగయ్యారు, ఆపరేషన్‌తో ఇంకాస్త ఎక్కువ. తొందరేం లేదు.

పొదలకూరు అక్క:
నన్ను కూడా ఎవరూ పడుకోబెట్టి చూడలేదు.