సమస్య: గాలి బువ్వ పెట్టె గాలి చంపె

ఆటవెలది నాలుగవ పాదం ఇస్తున్నాను. రసాయన శాస్త్రవేత్తల పరిశోధనల్లోంచి పూరించండి. అన్నం పెట్టినదీ ప్రాణం తీసినదీ గాలే ఎలా అయిందో పద్యం తేల్చాలి.

పూరణ 1 (రాజమహేంద్రవరం)

హేబ రెరువు నిచ్చె నెల్ల పొలములకు
యుద్ధభూమి మీఁద నూదె విషము
ఒక్క మేధలోన నుదయించె రెండును
గాలి బువ్వ పెట్టె గాలి చంపె

*నిర్వాహకుడు:* మాస్టారూ, ధార చక్కగా ఉంది. మూడవ పాదం మరీ నచ్చింది. దాని మొదట్లో విసంధి (కలపవలసిన సంధి కలపకపోవడం) ఉంది. "విషము / నొక్క మేధలోన" అంటే సరిపోతుంది.

విషయంలో మాత్రం నాకొక అసంతృప్తి. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్రె దగ్గర జర్మన్ సేన సిలిండర్ల మూతలు విప్పి వదిలినది క్లోరిన్ అనే విషవాయువు. గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు కనుక అది నేలబారున పాకి కందకాల్లోకి దిగింది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ దగ్గరుండి ఆ పని చేయించాడు. పది రోజులకు, మే 2న, ఆయన భార్య క్లారా ఇమ్మర్వార్ తుపాకితో కాల్చుకొని మరణించింది. ఆమె కూడా రసాయన శాస్త్రంలో డాక్టరేటు పొందిన మనిషి. ఇదంతా గుండె పిండే కథే. కానీ క్లోరిన్‌ను ఉప్పు నుండి తీస్తారు, గాలి నుండి కాదు. మీ పద్యంలో బువ్వ పెట్టినది గాలిలోని నత్రజని, చంపినది క్లోరిన్. సమస్య ముడి ఇంకా విడలేదు.

పూరణ 2 (రామగుండం)

నత్రజనినిఁ దెచ్చి నాటిరి మడులలో
నదియె గుండులోన నగ్గి యయ్యె
కొలిమి యొకటె కాదె కూటికిఁ గాటికి
గాలి బువ్వ పెట్టె గాలి చంపె

*నిర్వాహకుడు:* ముడి విడింది! "కూటికిఁ గాటికి" దగ్గర ఆగి మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నాను. నత్రజనిని నాటడం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. "చల్లిరి" అంటే యతి చెడుతుంది. పైగా "నాటిరి"లో వరి మడి కళ్ళకు కడుతుంది. మార్చకండి.

మీరన్న కొలిమి సంగతి తెలియని మిత్రుల కోసం కొంచెం చెబుతాను. గాలిలో అయిదింట నాలుగు వంతులు నత్రజనే అయినా, దాని పరమాణువులు జంటగా ఎంత గట్టిగా పెనవేసుకొని ఉంటాయంటే పైరుకు అది నేరుగా అందదు. 1909 జూలై 2న జర్మనీలోని కార్ల్స్‌రూహెలో హేబర్, సహాయకుడు లె రోసిన్యోల్ అమర్చిన యంత్రంతో, వాతావరణ పీడనానికి సుమారు రెండు వందల రెట్ల ఒత్తిడిలో, ఆస్మియం ఉత్ప్రేరకంగా, నత్రజనిని ఉదజనితో (హైడ్రోజన్‌తో) కలిపి చూపించాడు. ఎరువుకు మూలమైన ద్రవ అమ్మోనియా చుక్కచుక్కగా కారింది. కార్ల్ బాష్ దాన్ని కర్మాగారం స్థాయికి పెంచాడు. 1913లో జర్మనీలోని ఓపావులో ఉత్పత్తి మొదలైంది. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం. చిలీ నుంచి రావలసిన నైట్రేటును సముద్రం మీద బ్రిటన్ అడ్డుకుంది. అప్పుడు జర్మనీ ఆ అమ్మోనియానే నైట్రిక్ ఆమ్లంగా మార్చి పేలుడు పదార్థాలు చేసుకుంది. అది లేకపోతే వారి మందుగుండు చాలా ముందే నిండుకునేది. నేడు ప్రపంచంలో దాదాపు సగం మంది తిండి ఈ పద్ధతి మీదే ఆధారపడి ఉందని అంచనా.

పూరణ 3 (డాలస్)

ఎరువు గడ్డకట్టె నిక పేల్చుఁ డనిరఁట
యూరు కూలె నయ్యొ యుసురు వోయె
పైరు పాలి సుధయె కార్మికుల నణఁచె
గాలి బువ్వ పెట్టె గాలి చంపె

*నిర్వాహకుడు:* అమ్మా, ఎవరికీ తట్టని ఘట్టం పట్టుకున్నారు. మూడవ పాదంలో యతి తప్పింది, పై–కా కుదరవు. "పైరు పాలి సుధయె పనివారిఁ బొలియించె" అనండి.

మీరు చెప్పినది 1921 సెప్టెంబరు 21 నాటి ఓపావు ప్రమాదం, అదే బాష్ కర్మాగారంలో. గడ్డకట్టిన ఎరువును చిన్న పేలుళ్ళతో వదులు చేయడం అక్కడ అలవాటు. ఆ ఉదయం ఆ ఎరువు గుట్టే పేలి అయిదు వందల మందికి పైగా పోయారు.

*రాజమహేంద్రవరం:* సవరణకు ధన్యవాదాలు. ఒక సందేహం. ఇక్కడ పేలినది ఎరువు కదా, గాలి అనవచ్చునా?

*నిర్వాహకుడు:* అనవచ్చు మాస్టారూ. ఆ గుట్టలోని నత్రజని గాలినుండి పట్టి తెచ్చినదే. పూరణ చెల్లుతుంది.