ట్రాన్స్‌మిషన్ అప్పుడప్పుడే తేడా చేస్తోంది, డీలర్ "ఏమీ కనబడలేదు" అంటున్నాడు. వారంటీలో ఎలా చేయించాలి?

ఇర్వింగ్, టెక్సస్ (కొత్త సభ్యుడు):
అందరికీ నమస్కారం. డాలస్ వైపు ఈమధ్యే వచ్చాను. సెకండ్ హ్యాండ్‌లో మూడేళ్ల సెడాన్ కొన్నాను. ఆటోమేటిక్, ఎనిమిది గేర్లు, 38,000 మైళ్లు తిరిగింది. పొద్దున్నే డ్రైవ్‌లో వేస్తే ఒక్కోసారి రెండు సెకన్లు ఆగి ధడేల్మని పడుతుంది. 45 మైళ్ల వేగంలో సన్నటి వణుకు కూడా ఉంది, రోజూ రాదు. చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు. డీలర్ రెండుసార్లు చూసి పంపేశాడు. పవర్‌ట్రెయిన్ (ఇంజిన్, గేర్‌బాక్స్) వారంటీ 5 ఏళ్లు లేదా 60,000 మైళ్లు అని రాసుంది. ఏం చేయమంటారు?

ప్లేనో:
ముందు వారంటీ తేదీ తేల్చుకోండి. మీరు కొన్న రోజు నుంచి కాదు, మొదటి ఓనర్ చేతికి బండి వెళ్లిన రోజు నుంచి లెక్క. డీలర్‌కి విన్ నంబర్ (బండి గుర్తింపు సంఖ్య) ఇచ్చి ఇన్-సర్వీస్ డేట్ అడగండి, చెప్తారు. ఇంకొకటి, కొన్ని కంపెనీల వారంటీ రెండో ఓనర్‌కి తగ్గుతుంది. హ్యుందాయ్, కియాల్లో 10 ఏళ్లు/1,00,000 మైళ్లు అనేది మొదటి ఓనర్‌కి. తర్వాత కొన్నవాళ్లకి, కంపెనీ సర్టిఫైడ్ బండి కాకపోతే, 5 ఏళ్లు/60,000 మైళ్లే.

ఆ రెండుసార్లకీ రిపేర్ ఆర్డర్ (మీ ఫిర్యాదు, వాళ్లు చూసింది రాసే) కాగితం ఇచ్చారా? లేకపోతే రికార్డులో మీరు వెళ్లనట్టే. ఏమీ దొరక్కపోయినా కాగితం రాయించుకోవాలి.

ఆస్టిన్ (ట్రాన్స్‌మిషన్ పని):
తమ్ముడూ, నువ్వు చెప్పినవి రెండు వేర్వేరు లక్షణాలు. కలిపి "గేరు సరిగ్గా లేదు" అని రాయిస్తే రెండూ పోతాయి.

పొద్దుటి ఆలస్యం చల్లబడిన ఇంజిన్‌తోనే వస్తుంది. ఫ్లూయిడ్ లెవెల్ తక్కువుండొచ్చు, రాత్రి టార్క్ కన్వర్టర్‌లోంచి (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఆయిల్ కిందికి జారిపోవచ్చు, గేర్లకి ఆయిల్ పంపే వాల్వ్ బాడీలో వాల్వ్ పట్టేసి ఉండొచ్చు. మధ్యాహ్నం అపాయింట్‌మెంట్ తీసుకుని ఇరవై మైళ్లు తోలుకుంటూ వెళ్తే ఎవరికీ కనబడదు. ముందురోజు సాయంత్రం బండి అక్కడ వదిలేసి, "పొద్దున్నే మొదటి స్టార్ట్ టెక్నీషియనే చేయాలి, అంతవరకూ ఎవరూ కదపొద్దు" అని రిపేర్ ఆర్డర్ మీదే రాయించు. పార్కింగ్ వాళ్లు ఒక్కసారి స్టార్ట్ చేసి జరిపినా ఆ రాత్రి వృథా.

45 దగ్గర వణుకు టార్క్ కన్వర్టర్ లోపలి క్లచ్‌ది (వేగంలో ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌తో నేరుగా కలిపేది) కావచ్చు, ఇంజిన్ మిస్‌ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగ్గా మండకపోవడం) కావచ్చు. తేడా తెలుసుకోవడం సులువే. ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు, వణుకుతుండగా యాక్సిలరేటర్ కదపకుండా ఎడమకాలితో బ్రేక్‌ని లైటు వెలిగేంతే తాకు. బ్రేక్ తగిలితే క్లచ్ వదిలేస్తుంది. వణుకు ఆ క్షణంలో ఆగిపోతే అనుమానం కన్వర్టర్ మీదకే. ఆగకపోతే ప్లగ్గులు, కాయిల్స్ చూడాలి. ఆ వేగంలో ఆర్‌పీఎం ముల్లు ఓ 100, 200 మేర పైకీ కిందికీ ఊగుతోందా చూడు.

సర్వీస్ మేనేజర్ని ఒక్క మాట అడుగు: "షాప్ ఫోర్‌మన్‌తో కలిసి డ్రైవ్‌కి వెళ్దాం." స్టీరింగ్ నువ్వు పట్టుకో, ఆయన పక్కన స్కానర్‌తో కూర్చుంటాడు. ఏ రోడ్డు మీద వస్తుందో నీకు తెలుసు, ఆయనకి తెలీదు. వారంటీ పనులు ఇక్కడే గెలుస్తాయి, కౌంటర్ దగ్గర వాదనలో కాదు.

ఫ్రిస్కో:
అంతదూరం ఎందుకు, పక్కనున్న క్విక్ ల్యూబ్‌లో (ఆయిల్ మార్చే షాపులో) ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ మార్పించేస్తే సగం సమస్యలు పోతాయి కదా?

ఆస్టిన్ (ట్రాన్స్‌మిషన్ పని):
వారంటీ ఉన్న బండికి ఆ పని చెయ్యొద్దు అన్నా. కొత్త గేర్‌బాక్సుల్లో చాలావాటికి డిప్‌స్టిక్ ఉండదు. ఆయిల్ నిర్ణీత వేడిలో ఉన్నప్పుడే ప్లగ్ తీసి లెవెల్ చూడాలి. "అన్ని బండ్లకీ సరిపోయే" ఆయిల్ పోసి లెవెల్ తప్పిస్తే, పాత తప్పు మీద కొత్త తప్పు. కంపెనీ చేతికి సాకు మనమే ఇచ్చినట్టు. ఫ్లూయిడ్ మార్చడమే అసలు మందు అయిన బండ్లున్నాయి. జీఎం ఎనిమిది గేర్ల వణుకుకి కంపెనీయే వేరే రకం ఆయిల్ పోయమని బులెటిన్ (డీలర్లకి పంపే రిపేర్ సూచన) ఇచ్చింది. అలాంటిదుంటే డీలర్ చేతే చేయించాలి. నీ మోడల్, సంవత్సరం పెట్టి ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రత సంస్థ) సైట్‌లో "మాన్యుఫాక్చరర్ కమ్యూనికేషన్స్" వెతుకు, బులెటిన్ నంబర్ దొరికితే ప్రింట్ తీసుకెళ్లు.

మామూలు ఇంజిన్ ఆయిల్ మాత్రం బయట మార్పించుకోవచ్చు. 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం ప్రకారం అందుకోసం డీలర్ దగ్గరికే రావాలని వారంటీ కట్టేయలేరు. రసీదులు దాచుకో.

ఇరవై, ముప్పై డాలర్ల బ్లూటూత్ స్కానర్ కొనుక్కో, పెండింగ్ కోడ్‌లు (బండి కంప్యూటర్ నమోదు చేసుకునే తప్పుల నంబర్లు) లైటు వెలగకముందే కనిపించొచ్చు. పి0741 వస్తే కన్వర్టర్ క్లచ్ సంగతి. ఫోటో తియ్యి, చెరిపెయ్యకు. బ్యాటరీ కేబుల్ కూడా పీకకు. కోడ్‌తో పాటు ఆ క్షణపు వేగం, వేడి నమోదైన ఫ్రీజ్ ఫ్రేమ్ పోతుంది, అదే టెక్నీషియన్‌కి కావాల్సింది. ఈ చవక స్కానర్లు చాలావరకు ఇంజిన్ కంప్యూటర్‌నే చదువుతాయి, కాబట్టి నీకేమీ కనబడకపోతే ఏమీ లేదని కాదు.

ఎడిసన్, న్యూజెర్సీ:
సర్వీస్ అడ్వైజర్ రాసే "కస్టమర్ స్టేట్స్" (కస్టమర్ చెప్పింది) అనే లైను మీరే చెప్పి రాయించండి: "రాత్రంతా ఆగిన తర్వాత పార్క్ నుంచి డ్రైవ్‌లో వేస్తే 2 సెకన్ల ఆలస్యం, తర్వాత గట్టి కుదుపు." అంతే. "ట్రాన్స్‌మిషన్ మార్చండి" అని రాయించకండి. ఇచ్చిన తేదీ, తీసుకున్న తేదీ, రెండు మైలేజీలూ ఉన్నాయో చూసుకోండి. తప్పు దొరక్కపోతే డయాగ్నస్టిక్ ఫీజు వేస్తారా అని ముందే అడగండి. వీడియో పక్కసీటు వాళ్లు తీయాలి, స్పీడోమీటర్, టాకోమీటర్ రెండూ పడేట్టు.

ప్లేనో:
ఇంకా కదలకపోతే వారంటీ పుస్తకంలో ఉన్న కంపెనీ నంబర్‌కి ఫోన్ చేసి కేస్ నంబర్ తీసుకోండి, ఫీల్డ్ ఇంజినీర్‌ని పంపమనండి. ఈలోగా ఇంకో డీలర్ దగ్గర చూపించొచ్చు, వారంటీ కంపెనీది, ఆ డీలర్‌ది కాదు. టెక్సస్‌లో లెమన్ లా (ఎన్నిసార్లు చేసినా బాగుపడని బండి మీద కొన్నవాళ్లకి రక్షణ ఇచ్చే చట్టం) కింద డబ్బు వెనక్కి అనేది సెకండ్ హ్యాండ్ బండికి ఆశించకండి. కానీ కంపెనీ ఒరిజినల్ వారంటీ ఉంటే, రిపేర్ చేయించమని టెక్సస్ డీఎంవీకి (రాష్ట్ర మోటారు వాహనాల శాఖకి) ఫిర్యాదు ఇవ్వొచ్చు.

ఇర్వింగ్, టెక్సస్ (కొత్త సభ్యుడు):
చాలా థ్యాంక్సండీ. డిసెంబర్‌లో నెలరోజులు విజయవాడ వెళ్తున్నా. వచ్చాక మొదలుపెట్టొచ్చా?

ప్లేనో:
వద్దు, వెళ్లేలోపే ఒక రిపేర్ ఆర్డర్ పడాలి. వారంటీలో ఉండగా చెప్పిన లోపం సరిగ్గా బాగుచేయకపోతే, గడువు దాటినా కంపెనీయే సరిచేయాలి. చెప్పినట్టు కాగితం ఉండాలి, అంతే.

ఆస్టిన్ (ట్రాన్స్‌మిషన్ పని):
వాల్వ్ బాడీయో, కన్వర్టరో మార్చి బండి ఇస్తే, అడాప్టివ్ రీలెర్న్ (గేర్‌బాక్స్ కంప్యూటర్‌కి కొత్త పార్టుని అలవాటు చేయడం) చేశారా అని అడుగు. చేయకపోతే కొత్త పార్టు కూడా కొన్నాళ్లు మొరటుగా గేర్లు వేస్తుంది. తీసుకున్న మర్నాడు పొద్దున చల్లటి స్టార్ట్‌తో చూసుకో. ఆలస్యం ఉంటే ఆ రోజే వెనక్కి తీసుకెళ్లి కొత్త ఆర్డర్ రాయించు.