నిద్రలో పోయిన పసిబిడ్డ: ఇంటికొచ్చి అడగడం అవసరమా, వేధింపా?

బాటసారి: పోస్ట్‌మార్టం చేసే డాక్టరే దొరకని చోట్ల, నిద్రలో పోయిన పసిబిడ్డల ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులను అడిగి కారణం రాసుకుంటున్నారట. మీరేమంటారు?

నైట్‌డ్యూటీ: అవసరమే. నేను వెళ్తుంటాను కాబట్టి చెప్తున్నా. దీన్ని సిడ్స్ (కారణం తెలియని పసిబిడ్డ హఠాన్మరణం) అని రాయాలంటే పోస్ట్‌మార్టం, బిడ్డ పడుకున్న చోటు, ఆరోగ్య చరిత్ర మూడూ చూసి, అప్పటికీ కారణం దొరక్కపోతేనే రాయాలి. మొదటిది లేదని మిగతా రెండూ వదిలేస్తామా? తల్లి చేతికి బొమ్మ ఇచ్చి ఎలా పడుకోబెట్టారో, లేచి చూస్తే ఎలా ఉందో చూపించమంటాం. "మామూలుగానే పడుకోబెట్టా" అన్న ఒకావిడ బొమ్మని బోర్లా పెట్టి, దుప్పటి చెవులదాకా లాగింది. ఆవిడకి అదే మామూలు.

వానచినుకు: బిడ్డ పోయిన తల్లి చేతికి బొమ్మా?? మనసెలా ఒప్పింది మీకు?

సూటిమాట: అడిగి అడిగి చివరికి తల్లినే దోషిని చేస్తారు. ఇంగ్లండులో శాలీ క్లార్క్‌కి 1999లో ఇద్దరు బిడ్డల్ని చంపిందని శిక్ష వేశారు, ఒకే ఇంట్లో సిడ్స్ రెండుసార్లు జరిగే అవకాశం 7 కోట్ల 30 లక్షల్లో ఒక్కటి అని ఓ డాక్టరు చెప్పిన లెక్క నమ్మి. 2003లో తప్పని వదిలేశారు. ఆస్ట్రేలియాలో ఫోల్‌బిగ్‌ అనే తల్లికీ బిడ్డల్ని చంపిందనే శిక్ష వేశారు, 20 ఏళ్లు జైల్లో ఉన్నాక 2023లో క్షమాభిక్ష వచ్చింది, ఇద్దరు కూతుళ్లలో గుండెకి సంబంధించిన జన్యులోపం ఉందని తేలాక. అన్ని సౌకర్యాలూ ఉన్న చోటే ఇలా!

నైట్‌డ్యూటీ: క్లార్క్ విషయంలో అది అడగడం వల్ల కాదు, లెక్క తప్పడం వల్ల. ఒకే ఇంట్లో రెండు చావులకీ సంబంధమే లేదనుకుని హెచ్చవేశారు. బోర్లా పడుకోబెడితే ప్రమాదమని తెలిసిందే తల్లిదండ్రుల్ని అడిగి పోల్చి చూడటం వల్ల. అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలెట్టాక సిడ్స్ చావులు దాదాపు సగానికి తగ్గాయి.

వానచినుకు: బొమ్మ గురించి అడిగితే అమెరికా గురించి చెప్తారేంటండీ.

నైట్‌డ్యూటీ: కళ్లూ ముక్కూ లేని సాదా బొమ్మ అండీ. మొదట్లో నా చేతులూ వణికాయి.

లాలిపాట: కెన్యా, మొజాంబిక్‌లలో పిల్లల చావులకి కారణాలు వెతికే చాంప్స్ అనే కార్యక్రమం వాళ్లు కోత లేకుండా సూదితో నమూనాలు తీస్తున్నారుగా, అది చాలదా?

నైట్‌డ్యూటీ: న్యుమోనియా లాంటివి తెలుస్తాయి. ఊపిరాడక పోయిందా అనేది పూర్తి పోస్ట్‌మార్టంలో కూడా చాలాసార్లు తేలదు. అందుకే మంచం దగ్గరికి వెళ్లాలి.

సూటిమాట: మంచం అన్నారు కాబట్టి చెప్తున్నా. మా అక్క కొడుకు మూడో నెలలో పోయాడు. ముగ్గురొచ్చి కూర్చుని "పక్కలో వేసుకున్నావా" అని ఒకరి తర్వాత ఒకరు అడిగారు. ఇంట్లో ఉన్నదే ఒక మంచం, ఎక్కడ పడుకోబెడుతుంది? వాళ్లలో ఒకడు తలొంచుకుని ఫారం నింపుతూనే ఉన్నాడు. మీలాంటి వాళ్లే!

నైట్‌డ్యూటీ: నన్నెందుకు తిడతారు? అడక్కపోతే పక్కింటి బిడ్డకీ అదే జరిగితే మీరు బాధ్యత తీసుకుంటారా?

సూటిమాట: అడగొద్దని నేనెప్పుడన్నాను? అడిగి ఏం రాసుకున్నారో, ఏం తేలిందో ఎవరైనా వచ్చి చెప్పారా? నాలుగేళ్లయింది. తను ఒత్తిగిల్లడం వల్లే పోయాడని అక్క ఇప్పటికీ నేల మీద పడుకుంటుంది.

బాటసారి: 🙏

నైట్‌డ్యూటీ: (గంట తర్వాత) మేం ఫారాలు పైకి పంపిస్తాం. అక్కడి నుంచి నాకూ ఏమీ తిరిగి రాదు. ఇన్నేళ్లలో వెళ్లిన ఇంటికి మళ్లీ వెళ్లింది లేదు. మీ అక్కగారి విషయంలో తేలకపోయి ఉండొచ్చు, కానీ తేలలేదనైనా వచ్చి చెప్పాల్సింది.

సూటిమాట: అదే నేననేది.

వానచినుకు: బొమ్మకి మాత్రం నేను ఒప్పుకోను.