సమస్య: “నౌక మునుఁగుట మేలయ్యె నరుల కెల్ల”

నిర్వాహకుడు: ఇది చివరి పాదం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. ఛందస్సు తేటగీతి. వస్తువు ఫ్రాన్స్ దక్షిణ తీరాన మాద్రాగ్ ద జియెన్ దగ్గర మునిగిన రోమన్ సరకుల ఓడ. కాలం క్రీ.పూ. 75–60, పొడవు సుమారు 40 మీటర్లు. ఇటలీ ద్రాక్షసారా నింపిన జాడీలు 6,000 పైనే. పురావస్తు పరిశోధకులు ఆంద్రే చెర్నియా, పాత్రిస్ పోమే బృందం 1972 నుంచి 1982 దాకా, దాదాపు 20 మీటర్ల లోతులో తవ్వింది.

నెల్లూరు మాస్టారు:

జాడి వరుసలు మోయుచు జలధిఁ గూలె
బురద కప్పఁగ చెక్కలు పుచ్చ వయ్యె
రోము వడ్రంగి నేర్పెల్ల రూఢిఁ దెలిసె
నౌక మునుఁగుట మేలయ్యె నరుల కెల్ల

నిర్వాహకుడు: మాస్టారూ, రెండో పాదమే ఈ పద్యానికి ప్రాణం. గాలి ఆడని బురదలో చెక్క తొలిచే పురుగు బతకదు. అడుగుభాగం మిగిలింది అందుకే. రెండు పొరల పలకలు, పైన సీసపు రేకు, పలకను పలకకు బిగించిన కుసులు (తొలిలో దూర్చే చెక్క ముక్కలు) అన్నీ కనబడ్డాయి. ఒడ్డు చేరిన ఓడలు ఏనాడో వంటచెరకైపోయాయి కదా! ఒక్క సవరణ: “కప్పఁగఁ జెక్కలు” అనాలి, “కప్పఁగన్” చివర ద్రుతం (నకారం) ఉంది, దాని తర్వాత చకారం జకారమవుతుంది.

భీమవరం కుర్రాడు: నాకు ఒక్క పాదమే వచ్చిందండీ. “రోము సారాయి త్రాగిన చేప లాడె”.

నిర్వాహకుడు: పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవాలి, అదే యతి. రో–చే యతి చెల్లదు తమ్ముడూ. మీ ఊరివాళ్లకు చెప్పాలా, “రొయ్య లాడె” అను, సరిపోతుంది. మిగతా రెండు పాదాలు రాయి.

డాలస్ అక్క:

రాయి చేఁబట్టి లోతుకు రయముగ దిగి
కుండలనుఁ దెచ్చి రానాఁడె కొంద ఱీఁత
గాండ్రు, మిగిలిన వెత్తిరీ కాల బుధులు
నౌక మునుఁగుట మేలయ్యె నరుల కెల్ల

నెల్లూరు మాస్టారు: అమ్మా, ఆ రాయి కల్పనా, నిజమా?

డాలస్ అక్క: నిజమే మాస్టారూ. ఓడకు సంబంధం లేని పెద్ద రాళ్లు అక్కడ దొరికాయి. త్వరగా అడుగుకు దిగడానికి ఆనాటి ఈతగాళ్లు పట్టుకొచ్చి వదిలేసినవని పరిశోధకుల మాట. సరకులో కొంత భాగం అప్పుడే పైకి తీశారట.

నిర్వాహకుడు: నా ఓటు అక్క పద్యానికే. మాస్టారి ధార బాగుంది, కానీ అందులో మేలు ఇప్పటి పండితులదే. ఇక్కడ ఆనాటివాళ్లూ ఈనాటివాళ్లూ ఇద్దరూ బాగుపడ్డారు కాబట్టి “ఎల్ల” ఊరికే పాదపూరణకు వచ్చినట్టు లేదు.

భీమవరం కుర్రాడు: మరి సరకు పోగొట్టుకున్న వర్తకుడు నరుడు కాడా అండీ?

నిర్వాహకుడు: ఆ ప్రశ్ననే పద్యం చెయ్యి. గడువు ఆదివారం.