కీర్తన 94:19లో ‘విచారములు’ – హీబ్రూలో ఏ మాట?

ప్రశ్న: వందనాలు. ఆదివారం స్త్రీల కూడికలో వాక్యం నేనే చెప్పాలి. "నా అంతరంగమందు విచారములు హెచ్చగా" అన్న వచనం తీసుకున్నాను. మా వాడి ఇంటర్ రిజల్ట్స్ టెన్షన్‌తో నిద్ర పట్టక రాత్రిళ్లు ఇదే చదువుతున్నా. మూలంలో ఏ మాటో కాస్త చెప్తారా?

జవాబు: వందనాలు అక్కా. అది ‘సర్అప్పీమ్’. పాత నిబంధనలో ఈ రూపం రెండే చోట్ల ఉంది. రెండోది 139:23, మన బైబిల్లో అక్కడ "ఆలోచనలు" అన్నారు. యెహెజ్కేలు 31:5లో దేవదారు కొమ్మలకు వాడిన మాట దాదాపు ఇదే. అందుకే కొమ్మల్లా చీలిపోయే ఆలోచనలని కొందరు చెప్తారు.

ఇంకో జవాబు: ఆ కొమ్మల మీద ప్రసంగమంతా వేలాడదీయకండమ్మా! యోబు 4:13లో దీని చుట్టం ‘సెఇప్పీమ్’ ఉంది, అక్కడవి రాత్రి దర్శనాల వేళ వచ్చే తలంపులు. 94లో అసలు బరువు "హెచ్చగా" అన్నచోట ఉన్న ‘రోవ్’ది, అంటే లెక్కకు మించడం. పైగా ఆ కీర్తనలో దిగులుకు కారణముంది: 6వ వచనం చూడండి, విధవరాండ్రను, తండ్రిలేనివారిని చంపుతున్నారు.

ప్రశ్న అడిగినవారు: 6వ వచనం ఎప్పుడూ దాటేసి చదివేదాన్ని. మా కూడికలో విధవరాండ్రే ఎక్కువ. అక్కడి నుంచే మొదలుపెడతాను.