శామ్ రేబర్న్‌లో షాలో క్రాంక్‌బైట్‌కి బాస్ చేప పడట్లేదు, ఏం మార్చాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. హ్యూస్టన్‌లో ఉంటాను. మా ఊరి చెరువులో వానపాము గుచ్చి గాలం వెయ్యడం వచ్చు గానీ ఈ ప్లాస్టిక్ ఎరలు నాకు కొత్త. ఫ్రెండ్ బోటులో టెక్సాస్‌లోనే ఉన్న శామ్ రేబర్న్ రిజర్వాయర్‌కి బాస్ చేపల కోసం వెళ్తుంటాం. స్క్వేర్‌బిల్ కొన్నాను (ముందు చదరపు మూతి ఉండి, తక్కువ లోతులో నడిచే క్రాంక్‌బైట్, అంటే చేపలా ఉండే గట్టి ఎర), నీళ్ళలో మునిగిన చెట్ల మొద్దులకి తగులుకుంటుందని ఖాళీ నీళ్ళలోనే విసిరి లాగుతున్నాను, బాస్ ముట్టుకోవట్లేదు. మార్చి మొదట్లో మళ్ళీ వెళ్తున్నాం. ఎక్కడ వెయ్యాలి, ఎలా లాగాలి?

జవాబు:
తమ్ముడూ, మొద్దులున్న చోటే వెయ్యి. ఈ ఎర దేనికో ఒకదానికి గుద్దుకోవాలి, అప్పుడే బాస్ కొడుతుంది. ముందున్న ఆ చదరపు మూతి చెక్కకి తగలగానే ఎర పక్కకి ఒరిగి దాటిపోతుంది, గాలాలు వెనకాలే ఉండిపోతాయి కాబట్టి నువ్వు భయపడినంతగా తగులుకోదు. లాగుతుంటే రాడ్‌లో గడగడమని అదురు తెలుస్తుంది కదా, టక్కున మొద్దుకి తగిలిన క్షణంలో రీల్ తిప్పడం ఆపు. ఎర మెల్లగా పైకి తేలుతుంది. చాలాసార్లు అప్పుడే పడుతుంది, పెద్దగా గుంజినట్టు కూడా ఉండదు, మళ్ళీ తిప్పబోతే అదురు ఉండదు, బరువు మాత్రమే ఉంటుంది.

లోతు చూసి ఎర ఎంచుకో. స్క్వేర్‌బిల్‌లు చాలావరకు మూడు నుంచి ఐదు అడుగుల లోతున నడుస్తాయి, కాబట్టి మూడు నాలుగు అడుగుల నీళ్ళలో వేస్తే అడుగునీ మొద్దులనీ గీసుకుంటూ వస్తుంది. పది అడుగుల నీళ్ళలో వేస్తే దేనికీ తగలదు. లైన్ లావైతే ఎర అంత లోతుకి దిగదు, 12 నుంచి 15 పౌండ్ల బరువు ఆపే ఫ్లోరోకార్బన్ రకం లైన్ చాలు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నా. ఆ చెరువంతా 1,14,500 ఎకరాలట, మొదలు ఎక్కడ పెట్టాలి? అక్కడ నాచు కూడా బాగా ఉంది.

జవాబు:
అన్ని ఎకరాలూ మర్చిపో, ఒక్క వాగు పట్టుకో. మార్చి మొదట్లో బాస్ గుడ్లు పెట్టే ముందు లోతునుంచి వాగుల్లోకి, గట్ల దగ్గరికి వస్తుంటుంది. వాగు మొదట్లో మలుపులు, పాయింట్లు (నీళ్ళలోకి పొడుచుకొచ్చిన నేల కొసలు), గాలి తోసే గట్టు, ఈ మూడూ చూసుకుంటూ లోపలికి వెళ్ళు. చేప ఎక్కడ కొడితే అక్కడే ఆగి అటూ ఇటూ కోణం మార్చి మళ్ళీ మళ్ళీ వెయ్యి. అక్టోబర్, నవంబర్‌లో వస్తే షాడ్ అనే చిన్న చేపల వెంట బాస్ కూడా వాగుల చివరిదాకా పోతుంది, అప్పుడు వెండి, తెలుపు రంగులు. ఈ మార్చిలోనైతే ఎర్ర క్రాఫిష్ (రొయ్యలాంటి మంచినీటి జీవి) రంగు.

నీళ్ళలో మునిగి ఉన్న హైడ్రిల్లా నాచు మీద మాత్రం స్క్వేర్‌బిల్ వద్దు. మూతి లేని లిప్‌లెస్ క్రాంక్‌బైట్ వెయ్యి, లోపల గోళీలు గలగలమంటాయే, అది. నాచు కొసలకి తగిలేలా లాగు, చిక్కుకుంటే రాడ్‌తో ఒక్క కుదుపు ఇచ్చి విడిపించు. నాచు నుంచి విడివడగానే కొడుతుంది.

ఇంకొకరు:
ఒక్క మాట కలుపుతానండీ. రాడ్ మరీ గట్టిది వాడొద్దు. మూడు కొనల గాలాలు సన్నగా ఉంటాయి, గట్టి రాడ్‌తో ఒక్కసారిగా గుంజితే నోటినుంచి ఊడిపోతాయి. ఏడడుగుల మోడరేట్ రాడ్ (మధ్యదాకా వంగేది), వీలైతే ఫైబర్‌గ్లాస్, కొట్టగానే పక్కకి లాగితే చాలు. కొత్త ఎర నేరుగా రాకుండా ఎడమకి పోతుంటే, మూతి మీ వైపు పెట్టి, లైన్ కట్టే రింగుని ప్లయర్‌తో కుడికి రవ్వంత వంచండి, మళ్ళీ వేసి చూడండి. కుడికి పోతే ఎడమకి. చాలామంది ఇది చెయ్యకుండానే ఎర బాలేదని పక్కన పడేస్తారు, అది నాకు బాధగా ఉంటుంది.

బాస్‌ని పైకి తీసేటప్పుడు, ఎర ఇంకా నోట్లో ఉంటే కింది దవడలో బొటనవేలు పెట్టొద్దు. చేప తల విదిల్చిందంటే గాలం మీ వేలికి దిగుతుంది. వల ఉంటే వల, లేకపోతే పొట్ట కింద పట్టుకుని పొడుగు ప్లయర్‌తో తీయండి.

ప్రశ్న అడిగినవారు:
లైసెన్స్ ఇద్దరికీ కావాలా?

జవాబు:
పదిహేడేళ్ళు నిండితే టెక్సాస్‌లో ఎవరికి వారే తీసుకోవాలి. లార్జ్‌మౌత్ రకం బాస్ 14 అంగుళాలకి తక్కువైతే వదిలెయ్యాలి, రోజుకి ఐదు దాటి ఉంచుకోకూడదు. స్కేలు బోటులోనే పెట్టుకోండి. ఆ మొద్దుల మధ్య బోటు మెల్లగా నడపండి, కొన్ని నీటి మట్టానికి కాస్త కిందే ఉంటాయి, పైకి కనబడవు.