షోకేసులో వీణ: మోగనిదాన్ని బొబ్బిలి వీణ అనొచ్చా?

కోటగోడ:
మా స్కూల్లో తెలుగు మేడమ్ రిటైర్ అవుతున్నారు. స్టాఫంతా తలా కొంత వేసి, ఏదైనా మంచిది కొనుక్కురమ్మని డబ్బు నా చేతిలో పెట్టారు. శాలువాలు ఆవిడకి ఇప్పటికే బీరువా నిండా ఉంటాయి, వెండి అంటే బడ్జెట్ చాలదు. విజయనగరం గంటస్తంభం దగ్గర్నుంచి నడుచుకుంటూ వస్తుంటే ఒక షాపు అద్దంలో చిన్న చిన్న వీణలు వరసగా పెట్టి ఉన్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో లైటు. కింద అట్టముక్క మీద "బొబ్బిలి వీణ, హ్యాండ్‌మేడ్" అని రాసుంది. జానెడున్నర పొడుగు ఉంటుందేమో. ముచ్చటగా ఉంది, వీణ చివరుండే యాళి (సింహంలాంటి బొమ్మ) ముఖానికి కళ్ళు, కోరలు, నాలిక కూడా చెక్కారు. చేతిలోకి తీసుకుని చూస్తే తీగలు కావు, ఇత్తడి రంగు దారాలు. తీగ బిగించే బిరడా తిప్పబోతే తిరగలేదు, జిగురుతో అతికించేశారు. "వాయించడానికి కాదు సార్, షోపీస్" అన్నాడు షాపు కుర్రాడు, నేనేదో ప్లాస్టిక్ అరటిపండు ఒలవబోయినట్టు చూసి.

కొన్నాను, అబద్ధం ఎందుకు. కానీ ఇంటికొచ్చినప్పట్నుంచీ బుర్రలో ఒకటే గోల. మోగనిదాన్ని వీణ అనొచ్చా? అందులోనూ బొబ్బిలి వీణ అని? రేపు అద్దాల్లో ఇవే మిగిలి, అసలు వీణ చేసేవాళ్ళు లేకుండా పోతే అందులో నా చెయ్యి కూడా ఉన్నట్టేనా? మొహమాటం లేకుండా చెప్పండి.

పనసచెక్క:
సార్, మాది బొబ్బిలి దగ్గర, వీణలు చేసే గొల్లపల్లి పక్కనే. మా మేనమామ వీణలే చేస్తాడు, నేను చదువుకునే రోజుల్లో సెలవులకెళ్ళి సాయం చేసేవాణ్ణి, ఇప్పుడు విశాఖలో వేరే ఉద్యోగం. మీ చెయ్యి ఉందా లేదా తర్వాత చూద్దాం, ముందు పెద్ద వీణ అంటే ఏటో చెప్తాను. ముదురు పనస దుంగ కావాలి, పుచ్చు ఉండకూడదు. మా వైపు పేరున్నది ఏకాండి వీణకి, అంటే కుండ (నాదం పలికే గుండ్రటి భాగం), దండి (పొడుగాటి మెడ) అన్నీ ఒకే దుంగలోంచి తీస్తారు, అతుకు ఉండదు. కుండ తొలుస్తున్నప్పుడు మావయ్య మాటిమాటికీ ఉలి పక్కన పెట్టి, బయటనుంచి వేలి కణుపుతో కొట్టి వినేవాడు. టీవీ పెట్టి ఉంటే ఆపమనేవాడు. గోడ ఒక్కచోట ఎక్కువ పలచబడిందంటే అన్నాళ్ళ పనీ పొయ్యిలోకే. ఆ తర్వాత సొరబుర్ర, తీగల్ని మోసే గుర్రం, తీగ నొక్కి వాయించే 24 మెట్లు మైనంలో కూర్చడం, 7 తీగలు బిగించడం. వారాలు పడుతుంది.

సరే, అది ఎవరు కొంటారు? వీణ నేర్చుకునేవాళ్ళు బతుకులో ఒకటి కొంటారు. మంచి వీణ అయితే వాళ్ళ మనవరాలు కూడా దాన్నే వాయిస్తుంది. అంటే మేం ఎంత బాగా చేస్తే మాకు అంత తక్కువ బేరం. గిఫ్ట్ వీణ అలా కాదు. సన్మానాలు, వార్షికోత్సవాలు, పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, ఆఖరికి రాజకీయ మీటింగులు, ఏడాది పొడుగూ పోతూనే ఉంటుంది. కొత్తగా ఉలి పట్టిన గుంటడు కూడా దాని మీదే చెయ్యి తిప్పుకుంటాడు, చెడగొడితే చెక్కముక్క పోతుంది గానీ దుంగ పోదు. ఆ చిన్నవాటి డబ్బుతోనే మావయ్య పెద్ద వీణకి దుంగ కొంటాడు. మీరు కొన్నది షోపీసే. అది బొబ్బిలిదే.

సరళీవరసలు:
పనసచెక్క గారూ, మీ మావయ్యగారి మీద నాకు గౌరవమే, కానీ నా బాధ వేరే. 1919లో మొదలుపెట్టి, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్న సంగీత కళాశాల ఈ విజయనగరంలోనే ఉంది. నేను అక్కడే వీణ నేర్చుకున్నాను. కాలేజీ నుంచి బజారుకి నడుచుకుని పోయే దూరంలో అద్దంలో వీణలు లైట్లేసుకుని కూర్చుంటాయి, నాకు మాత్రం ఒక తీగ తెగితే దొరకదు, మనిషి చేత విశాఖ నుంచి తెప్పించుకోవాలి.

మొన్న ఎండాకాలం సంగతి చెప్తాను. మా మేడమీద గది, మధ్యాహ్నానికి కుంపటి. మైనం మెత్తబడి పై స్థాయిలో మెట్లు కదిలాయి. గమకం కోసం తీగ లాగితే మెట్టు కూడా నాతోపాటు వచ్చేస్తోంది! అది పీకి, మైనం కరిగించి, చెవితో వింటూ ఒక్కో మెట్టు మళ్ళీ కూర్చాలి, తెలిసినవాళ్ళే చెయ్యాలి. ఎప్పుడూ చేసే ఆయనకి ఫోన్ చేస్తే "గిఫ్ట్ ఆర్డరు ఒకటి పెద్దది ఉందమ్మా, దసరా దాటనీ" అన్నారు. మే నెలలో దసరా! ఆయన్ని తిట్టబుద్ధి కాలేదు, రిపేరుకి నేనిచ్చేది ఎంత గనక. కానీ చిన్నవి పెద్దదాన్ని పోషిస్తున్నాయి అన్నారే, నా అనుభవంలో చిన్నవి పెద్దదాని టైమంతా తినేశాయి. మెట్టు కూర్చడానికి చెవి కావాలండీ. దారం కట్టడానికి చెవి ఎందుకు? పదేళ్ళు దారాలే కట్టినవాడి దగ్గరికి పెద్ద వీణ తీసుకెళ్తే ఏం చేస్తాడు?

బూరెలబుట్ట:
మే నెల నుంచి దసరా దాకా అపస్వరాలు భరించిన పక్కింటివాళ్ళకి ఎవరైనా ఒక గిఫ్ట్ వీణ ఇవ్వండి ముందు.

షట్టర్_పైకి:
అందరూ షాపువాణ్ణి వదిలేసి మాట్లాడుకుంటున్నారు, నేనే దొరికిపోతాను. నాది ఇలాంటి షాపే, అయితే కోటగోడ గారు కొన్నది మాది కాదు, మేం దారాలు కట్టినవి పెట్టం, సన్న తీగలే కడతారు. అద్దం వెనకాల సంగతి చెప్పమంటారా? పడమటి ముఖం షాపు. సాయంత్రం ఎండ సూటిగా పడుతుంది. వార్నీష్ తేలిపోతుంది, యాళి మెడ దగ్గర బీట పడుతుంది. నెలకోసారి వరస మారుస్తాను, ముందరిది వెనక్కి, వెనకది ముందుకి. బీట పడినవి నా నష్టమే, చేసినాయనకి డబ్బు ముందే ఇచ్చేశాను. అద్దె, కరెంటు, కుర్రాడి జీతం కలిపితే రెట్టింపు వేసుకున్నా నాకు మిగిలేది మీరనుకున్నంత కాదు.

ఇంకోటి. మిషన్ మీద చెక్కినవి కూడా వస్తున్నాయి. ఆర్డరిస్తే వందలు దింపుతారు, అన్నీ అచ్చుగుద్దినట్టు. ఒక విడత నేనూ తెచ్చాను, దాచుకోవడం దేనికి. బేగా అమ్ముడయ్యాయి కూడా. ఆపేసింది ఎందుకంటే, ఒకే ఆఫీసులో ఇద్దరికి వేర్వేరు వాళ్ళు నా దగ్గరే కొని ఇచ్చారు, పక్కపక్క బల్లల మీద పెట్టుకుంటే చెక్కలో గీత కూడా ఒక్కలా ఉందట, వచ్చి గొడవ. చేత్తో చేసినవైతే ఆ పేచీ ఉండదు, ఒక యాళి నవ్వుతుంది, ఒకటి ఏడుస్తుంది.

వాలుగపన్ను:
మాది శ్రీకాకుళం జిల్లా, పొందూరు దగ్గర. మీ వీణ గోల చదువుతుంటే మా ఖద్దరు గోల గుర్తొచ్చింది. మా నాయనమ్మ వాలుగ చేప దవడతో పత్తి దువ్వేది, ఆ సన్నటి పళ్ళ వరస మీద గింజ చుట్టూ ఉన్న దూది దువ్వితే చెత్త పోయి పోగులన్నీ ఒకే వైపుకి వాల్తాయి. చేప దవడ అంటే నీచు వాసన అనుకుంటారు, ఏమీ ఉండదు, ఎండి నున్నగా దువ్వెనలా ఉంటుంది. ఆ తర్వాత గింజ తియ్యడం, ఏకడం, ఏకులు చుట్టడం, వడకడం. నూరో నంబరు సన్న నూలంటే మామూలు విషయం కాదు, చెమట చేతితో ముట్టుకుంటే తెగుతుంది.

ఇప్పుడు శ్రీకాకుళంలో ఒక బట్టల షాపు అద్దంలో రాట్నం పెట్టారు. అది మోటారుతో తిరుగుతుంది. దారం లేదు, కదురు లేదు, ఊరికే చక్రం తిరుగుతూ ఉంటుంది, వెనకాల బొమ్మకి లాల్చీ తొడిగారు. పిల్లలు నిలబడి చూస్తారు, నాకు మాత్రం కడుపులో తిప్పుతుంది. అయితే ఒకటి, లాల్చీ ఖద్దరు కాకపోతే నేను అడగడానికి దారి ఉంది. 1956 చట్టంలోనే ఖాదీ అంటే ఏమిటో రాసిపెట్టారు, చేత్తో వడికిన నూలుని చేమగ్గం మీద నేస్తేనే ఖాదీ. 2013లో ఖాదీ మార్క్ నిబంధనలూ వచ్చాయి. మీ వీణకి ఉన్నది జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు. దానితో ఏ ఊరిదో తెలుస్తుంది, బిరడా తిరగాలా వద్దా అని ఎవడు అడుగుతాడు? షోపీసుని షోపీసని రాయమనండి, గొడవ అక్కడికి పోతుంది.

పనసచెక్క:
పోదండీ. "షోపీస్" అని రాస్తే రేటు సగానికి పడిపోతుంది, పక్కనున్న మిషన్ వీణతో సమానం అయిపోతుంది. ఆ బొబ్బిలి అన్న మాట మీదే మావాళ్ళ అన్నం.

లక్కపిడతలు:
ఏటికొప్పాక బొమ్మలు చూడండి. అంకుడు కర్ర, లక్క రంగులు, అంతా పాత పనే. కానీ ఒకప్పుడు పిల్లల లక్కపిడతలు, ఇప్పుడు పెన్ స్టాండ్లు, గాజుల స్టాండ్లు, కీచైన్లు, ఏది అడిగితే అది. 2025 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన రాష్ట్రం శకటం మీద ఉన్నవి ఆ బొమ్మలే కదా. బుడితి ఇత్తడి వాళ్ళు కూడా చెంబులు, బిందెలతో ఆగిపోలేదు, పూలకుండీలు చేస్తున్నారు. కాలంతోపాటు మారితే బతుకుతుంది, వీణకి మాత్రం ఎందుకింత మడి?

సరళీవరసలు:
లక్కపిడతలు గారూ, బొమ్మ ఎప్పుడూ బొమ్మేనండీ, పెద్దదైనా చిన్నదైనా. బిందె చేసిన చెయ్యి కుండీ చేస్తే అందులోనూ ఏదో ఒకటి పోస్తాం. వీణలోంచి నాదం తీసేస్తే మిగిలేది చెక్క. మడి కాదు, నేను అడిగేది చాలా చిన్నది. చిన్న వీణకైనా బిరడా తిరగనివ్వండి, రెండు తీగలు మోగనివ్వండి. అప్పుడు కొత్తగా నేర్చుకునేవాడికి కనీసం చెవి పని పడుతుంది.

షట్టర్_పైకి:
ఐడియా బాగుంది మేడమ్, రేటు ఎవరిస్తారు?

వాలుగపన్ను:
రేటు సంగతి తర్వాత. నాకు షట్టర్ గారిని ఒకటి అడగాలనుంది. మీ అద్దంలో అట్టముక్క మీద చేసినాయన పేరు ఎందుకు ఉండదు? పెళ్ళి కార్డు మీద ప్రింటింగ్ ప్రెస్ వాడు కూడా పేరూ ఫోన్ నంబరూ వేసుకుంటాడు. నెలల తరబడి మీ అద్దంలో ఉన్నదానికి ఊరి పేరు ఉంది, షాపు పేరు ఉంది, చేసినవాడి పేరు లేదు. మా నాయనమ్మ వడికిన నూలు ఏ పంచెలో కలిసిందో ఎవరికీ తెలీదు, పోనీ అది నూలు, కలిసిపోతుంది. వీణ ఒక్కడు కూర్చుని చేసేది కదా!

షట్టర్_పైకి:
సూటిగా చెప్తాను, తిట్టుకోండి. పేరూ ఊరూ రాస్తే ఈ రోజుల్లో ఫోన్ నంబరు పట్టుకోవడం ఎంతసేపు? బొబ్బిలి ఇక్కడికి దగ్గరే, బస్సెక్కితే రెండు గంటలు పట్టదు. అద్దంలో చూసి, నా ఫ్యాన్ కింద కూర్చుని, ఫోటో తీసుకుని, గొల్లపల్లి వెళ్ళి కొంటారు. ఆల్రెడీ చేస్తున్నారు. అప్పుడు నా అద్దం వాళ్ళ ప్రచారానికి, అద్దె మాత్రం నాది. అదీ నా భయం.

పనసచెక్క:
షట్టర్ అన్నా, నిజం ఒప్పుకున్నావు, అది చాలు. నీకు తెలీనిది నేను చెప్తాను. మావయ్యకి కూడా కస్టమరు నేరుగా రావడం ఇష్టం ఉండదు. వచ్చినవాళ్ళు రెండు గంటలు కూర్చుంటారు, టీ ఇవ్వాలి, బేరం ఆడతారు, సెల్ఫీలు దిగుతారు, చివరికి ఆలోచించి చెప్తామని వెళ్ళిపోతారు. షాపువాళ్ళు ఒకేసారి పాతిక పట్టుకెళ్తారు. కాబట్టి ఊరు, ఫోన్ ఏమీ రాయకు. వీణ అడుగున, ఎవరికీ కనపడని చోట, ఇంటిపేరు చెక్కుకోనీ. తిరగేసి చూసినవాడికి తెలుస్తుంది. పెద్ద వీణల కింద మావయ్య ఎప్పుడూ చెక్కుతాడు. చిన్నవాటి మీద మాత్రం చెక్కడు. ఎందుకని అడిగితే "వాటి మీద నా పేరేటిరా" అంటాడు.

(ఇది రాశాక నాకే అనిపించింది, సరళీవరసలు గారు ఇందాకట్నుంచీ అంటున్నది ఇదేనేమో. పోనీండి, రాసేశాను.)

బూరెలబుట్ట:
ఇందాక జోకేశాను గానీ ఈ మాట మాత్రం గట్టిగా తగిలింది.

కోటగోడ:
అసలు సంగతి చెప్పడం మర్చిపోయాను. నిన్న సాయంత్రం ఫంక్షన్ అయింది. మేడమ్ పార్శిల్ విప్పారు, అందరూ చప్పట్లు. ఆవిడకి వీణ రాదు, కానీ ఆవిడ అమ్మగారు వాయించేవారట, మాకెవరికీ తెలీదు. ఒళ్ళో పెట్టుకుని, "శ్రుతి చేద్దామా" అని నవ్వుతూ బిరడా పట్టుకుని తిప్పారు. అది ఊడి చేతిలోకి వచ్చేసింది. ఆవిడే ఎక్కువ కంగారు పడిపోయారు, "అయ్యో, విరగ్గొట్టేశానా" అని. నేను ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇప్పుడు వీణ మా ఇంట్లో ఉంది, బిరడా నా జేబులో ఉంది. ఫెవిక్విక్ పెట్టేయమంటున్నారు స్టాఫు.

పనసచెక్క:
ఫెవిక్విక్ పెట్టకండి సార్, చెక్కలోకి దిగిపోతే మళ్ళీ తొలవడం కష్టం. వచ్చే ఆదివారం నేను ఊరెళ్తున్నాను. బొబ్బిలి బస్ కాంప్లెక్సు దగ్గరికి తెచ్చారంటే మావయ్య దగ్గరికి తీసుకెళ్తాను. రంధ్రం కాస్త సాపు చేసి, తిరిగే బిరడా ఒకటి వేయిద్దాం.

సరళీవరసలు:
ఒకటే ఎందుకు, రెండు వేయించండి. తీగలు నేను ఇస్తాను, విశాఖ నుంచి తెప్పించినవి ఇంకా మిగిలే ఉన్నాయి. ఆయన్ని దసరా దాకా ఆగమనకుండా చూడండి చాలు.